అనంతపురం పెరట్లో వసంతపు పనులు: సంక్రాంతి మొదలు తొలకరి దాకా

వసంతం వచ్చిందంటే విత్తనాలు చల్లుకునే కాలం వచ్చిందని చాలామంది అనుకుంటారు. అనంతపురంలో ఆ లెక్క కుదరదు. పడమటి కనుమల చాటున పడిన ఈ జిల్లాలో ఏడాది మొత్తానికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన, బాగా కురిసే నెల సెప్టెంబరు. ఉగాది పచ్చడి తినే నాటికే ఎండ నెత్తికెక్కుతుంది, ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటడం ఇక్కడ మామూలు. అందుకని మన పెరట్లో వసంతపు పని అంటే మొక్కలు పెట్టడం కంటే ముందు, రాబోయే మూడు నెలల ఎండను మొక్కలు తట్టుకునేలా చోటును సిద్ధం చేయడం. నీడ, తేమ ముందు సమకూరాలి. విత్తనం సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు. ఈ వరుస తప్పితే ఎంత మంచి విత్తనమైనా, ఎంత ఎరువు వేసినా ఏప్రిల్ మూడో వారానికి పాదు వాడిపోతుంది.

ఇంటి వెనక పదిహేను అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు ఉన్న పెరటిని దృష్టిలో పెట్టుకొని ఈ పనులు రాస్తున్నాను. మా పెరడు కూడా అంతే. అంతకంటే చిన్న చోటు ఉన్నవారు కొలతలు తగ్గించుకోవచ్చు గానీ పనుల వరుసను మాత్రం మార్చవద్దు.

ముందుగా ఎండను గమనించాలి

సంక్రాంతి పండుగ సందడి తగ్గాక ఒక సెలవు రోజున ఉదయం ఎనిమిదికి, మధ్యాహ్నం పన్నెండున్నరకు, సాయంత్రం నాలుగుకు పెరట్లో నిలబడి, గోడల నీడ ఎక్కడి దాకా వస్తున్నదో సున్నంతో గీత గీయండి. పెరటిలో ఏ భాగం ఉదయపు ఎండకు, ఏ భాగం పడమటి ఎండకు ఎదురుగా ఉందో దీనితో తెలుస్తుంది. మొక్కను ఎక్కువగా దెబ్బతీసేది పడమటి ఎండ. మధ్యాహ్నం రెండు నుంచి ఐదు వరకు కాసే ఆ ఎండలో నేల, గోడ, గాలి మూడూ వేడెక్కి ఉంటాయి.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ఫిబ్రవరి మొదటి వారంలో మధ్యాహ్నం ఆరడుగుల ప్రహరీ గోడకు ఉత్తరం వైపు సుమారు మూడున్నర అడుగుల నీడ పడుతుంది. ఆ నీడను చూసి అక్కడ ఆకుకూరలు వేస్తే బాగుంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ అనంతపురం పద్నాలుగున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటి కొంచెం పైన ఉంది కాబట్టి, ఏప్రిల్ చివరి రోజుల్లో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా మన నడినెత్తి మీదికి వస్తాడు. అప్పుడు గోడకు నీడే ఉండదు. ఆ తర్వాత ఆగస్టు రెండో వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరానికి వాలి ఉంటాడు, అంటే మే నెలలో ఉత్తరపు గోడవార కూడా ఎండ తగులుతుంది. ఫిబ్రవరిలో కనిపించిన నీడ మే నెలలో అక్కరకు రాదు. కాబట్టి గోడల మీద ఆధారపడకుండా నడినెత్తి ఎండకు పందిరి, పడమటి ఎండకు తెర విడివిడిగా ఏర్పాటు చేసుకోవాలి.

మట్టి

మట్టిని తెలుసుకోవడానికి ఒక గాజు సీసా చాలు. జానెడు లోతు నుంచి తీసిన మట్టిని సీసాలో మూడో వంతు పోసి, మిగతా భాగం నీళ్లు నింపి, చిటికెడు సబ్బు పొడి వేసి బాగా కుదిపి పెట్టండి. ఒకటి రెండు నిమిషాల్లో అడుగుకు చేరేది ఇసుక, గంటా రెండు గంటల్లో దాని మీద పేరుకునేది మెత్తటి ఒండు, మర్నాటికి పైన పలుచని పొరగా నిలిచేది బంక. అనంతపురం చుట్టుపక్కల ఎర్ర గరుసు నేలల్లో ఇసుక భాగమే ఎక్కువగా కనిపిస్తుంది. ఇలాంటి మట్టిలో నీళ్లు పోసిన గంటకే వేళ్ల కిందికి జారిపోతాయి, పోసిన ఎరువు సారం కూడా వాటితోపాటే పోతుంది.

దీనికి మన ఊళ్లలో తాతల నాటి నుంచి ఉన్న మందు చెరువు మట్టి. ఎండాకాలంలో చెరువులు ఎండినప్పుడు బండ్లతో తోలుకొచ్చి పొలాల్లో వేసుకునేవారు. రెండు తట్టల ఎర్రమట్టికి ఒక తట్ట చెరువు మట్టి, ఒక తట్ట బాగా చివికిన పశువుల ఎరువు చొప్పున కలిపి, పాదుల చోట అడుగు లోతున నింపితే నేల తేమను పట్టి ఉంచుతుంది. చివికిన ఎరువు అన్న మాటను తేలికగా తీసుకోవద్దు. పచ్చి పేడ వేస్తే వేళ్లను కొరికే వేరుపురుగు చేరుతుంది, చెదలు కూడా పడతాయి. చేత్తో పట్టుకుంటే పొడిపొడిగా రాలుతూ, పేడ వాసన కాకుండా వాన పడిన మట్టి వాసన వచ్చే ఎరువునే వాడండి.

తాడిపత్రి, ఉరవకొండ వైపున నల్లరేగడి ఉన్నవారి ఇబ్బంది వేరు. వారి నేల తేమను పట్టి ఉంచుతుంది గానీ ఎండకు నెర్రెలు తీసి వేళ్లను తెంపుతుంది. వారికి చెరువు మట్టి అవసరం లేదు. ఎరువు, ఎండుటాకులు ఎక్కువగా కలిపి, నేలను ఎప్పుడూ కప్పి ఉంచడమే వారికి ముఖ్యం. తడిగా ఉన్నప్పుడు రేగడిని తవ్వితే గడ్డలు కట్టి రాయిలా మారుతుంది కాబట్టి పదును (తవ్వడానికి తగినంత తేమ) చూసుకొని తవ్వాలి.

తవ్వేటప్పుడు ఒక జాగ్రత్త చెప్పాలి. పెరట్లో ఏళ్ల తరబడి కదలకుండా పడి ఉన్న బండల కింద, ఇటుకల సందుల్లో తేళ్లు ఉంటాయి. బండను చేత్తో ఎత్తకుండా గడ్డపారతో పొర్లించండి. చెప్పులు కాకుండా బూట్లు వేసుకోండి. పిల్లలు ఆ పనికి దూరంగా ఉండాలి.

బోరు నీళ్ల ఉప్పు

కుండీల అంచున, కుళాయి కింద గచ్చు మీద తెల్లటి పొర కడుతున్నదంటే మీ బోరు నీటిలో లవణాలు ఎక్కువగా ఉన్నాయని అర్థం. అలాంటి నీళ్లను రోజూ చెంబుడు చెంబుడు పోస్తే నీరు ఆవిరై ఉప్పు పైనే నిలుస్తుంది, కొన్నాళ్లకు ఆకుల అంచులు మాడినట్టు అవుతాయి. రోజూ కొద్దికొద్దిగా తడపడం కంటే, వేళ్ల కిందికి దిగేలా ఒకేసారి నిండుగా పెట్టి, పై మట్టి ఆరిన తర్వాత మళ్లీ పెట్టడం మేలు. బీన్స్ ఉప్పు నీటికి త్వరగా దెబ్బతింటుంది. పాలకూర, బీట్‌రూట్ కొంత ఓర్చుకుంటాయి. అనుమానం ఉంటే అనంతపురం పక్కనే రేకులకుంటలో ఉన్న వ్యవసాయ పరిశోధనా స్థానంలో గానీ, రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రంలో గానీ మట్టి, నీటి పరీక్షల గురించి అడిగి తెలుసుకోవచ్చు. పరీక్ష చేయించకుండా ఎవరో చెప్పారని జిప్సం సంచులు తెచ్చి పోయకండి.

బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లలో ఉప్పు పెద్దగా చేరదు కాబట్టి అవి దేనికైనా పోయవచ్చు. మా అవ్వ బియ్యం కడిగిన నీళ్లను ఏనాడూ కాలువలో పారబోయలేదు, అవన్నీ కరివేపాకు మొదట్లోకే వెళ్లేవి. బట్టల సబ్బు నీళ్లు మాత్రం ఆకుకూరలకు పనికిరావు. వాటిని చిన్న కాలువ తీసి అరటి, మెట్టతామర మొక్కల వైపు మళ్లించండి.

కుండలు పాతడం

నీళ్లు తక్కువ ఉన్న ఇంటికి నేను చెప్పగలిగిన మంచి ఉపాయం ఇదే కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. కాల్చిన మట్టి కుండను మెడ దాకా నేలలో పాతి నీళ్లు నింపితే, కుండ గోడల్లోని సన్నని రంధ్రాల గుండా నీరు చుట్టూ ఉన్న మట్టిలోకి చెమరుస్తుంది. మట్టి ఎంత పొడిగా ఉంటే అంత లాగుతుంది, తడిగా ఉంటే ఆపేస్తుంది. పైన నేల పొడిగానే ఉంటుంది కాబట్టి ఆవిరయ్యే నీరు తక్కువ, కలుపు కూడా తక్కువ.

ఫిబ్రవరి నుంచి మన వీధుల్లో చల్లనీళ్ల కుండలు అమ్మకానికి వస్తాయి. ఏడెనిమిది లీటర్లు పట్టే కుండ సరిపోతుంది. రంగు వేసినవి, పైన నున్నగా పూత పూసినవి వద్దు, ఎందుకంటే పూత రంధ్రాలను మూసేస్తుంది. మొదటిసారి కొనేటప్పుడు "ఈ కుండ చెమరుస్తుందా అక్కా?" అని అడిగితే, "నీళ్లు సల్లగుండల్లంటే చెమర్చాల్సిందే కదన్నా" అని అమ్మే ఆమె నన్ను చూసి నవ్వింది. ఆమె చెప్పినదే అసలు పరీక్ష. నీళ్లను బాగా చల్లబరిచే కుండే మొక్కకు కూడా బాగా నీళ్లిస్తుంది. ఇంటికి తెచ్చాక సాయంత్రం నిండా నీళ్లు పోసి పొడి గచ్చు మీద పెట్టి, తెల్లవారి చూడండి. కుండ ఒళ్లంతా చేతికి తడి తగులుతూ, అడుగున గుండ్రటి తడి మరక ఉండి, నీళ్లు వేలెడు దిగి ఉంటే అది మంచి కుండ. నీళ్లు సగానికి దిగిపోతే ఎక్కడో పగులు ఉన్నట్టు. అసలు తడే లేకపోతే అది ఈ పనికి రాదు. వంటింట్లో రెండేళ్లు వాడి, నీళ్లు చల్లబడడం మానేసిన పాత కుండను పీచుతో బాగా రుద్ది కడిగి చూడండి, అప్పటికీ చెమర్చకపోతే పక్కన పెట్టేయండి.

పాతే విధానం ఇది. కుండ కంటే చుట్టూ జానెడు వెడల్పు, నాలుగు వేళ్ల లోతు ఎక్కువగా గుంత తవ్వాలి. అడుగున చెరువు మట్టి, ఎరువు కలిపిన మట్టిని పరిచి, కుండను నిలబెట్టి, చుట్టూ అదే మట్టిని కొద్దికొద్దిగా పోస్తూ నీళ్లు చిలకరిస్తూ చేత్తో అదమాలి. కుండకూ మట్టికీ మధ్య గాలి సందు మిగిలితే నీరు ముందుకు సాగదు, అందుకని ఈ అదిమే పనిలో తొందరపడకండి. మూతి నేల మట్టానికి రెండు వేళ్ల పైకి ఉండాలి. మూతి మీద చిప్పో, చిన్న బండ ముక్కో తప్పకుండా మూయండి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి, తొండలు పడి చస్తాయి. కుండ గోడకు బెత్తెడు దూరంలో చుట్టూ మూడు నాలుగు చోట్ల విత్తనం నాటాలి. మొలక వచ్చి నాలుగు ఆకులు వేసే దాకా పైనుంచి కూడా కాస్త నీళ్లు చిలకరించాలి, వేరు కుండ దాకా చేరాక ఆ అవసరం తీరుతుంది. మా పెరట్లో ఫిబ్రవరిలో మూడు నాలుగు రోజులకు ఒకసారి, మే నెలలో రోజు విడిచి రోజు కుండ నింపుతాము. ఊరికి వెళ్లే ముందు నిండా పోసి వెళ్తే రెండు రోజుల దాకా బెంగ లేదు.

పందిరి, తెర

పందిరికి ఆరేడు అడుగుల ఎత్తున సర్వి కట్టెలు నాలుగు మూలలా, మధ్యలో రెండు పాతండి. కట్టె అడుగు భాగం ఒకటిన్నర అడుగు నేలలోకి దిగాలి. చెదలు పట్టకుండా ఆ భాగాన్ని మంట మీద నల్లబడే దాకా కాల్చి, గుంతలో రాళ్లు, గరుసు వేసి దిమ్మిసతో గట్టిపరచాలి. పైన అడ్డకట్టెలు కట్టి, వాటి మీద జానెడు కన్నులు పడేలా పురికొస అల్లండి. ఇనుప తీగ కంటే పురికొస మేలు, ఎండకు కాలిన తీగ లేత నులితీగలను మాడ్చేస్తుంది.

ఈ పందిరి మీదికి జనవరి చివర్లో వేసిన సొర, బీర పాదులు ఎక్కితే ఏప్రిల్ మొదటికి ఆకు కప్పుకుంటుంది. పందిరి కింద తోటకూర, గోంగూర, పుదీన వేసుకోవచ్చు. కాయనిచ్చే పాదే కూరాకుకు నీడ కూడా ఇస్తుంది కాబట్టి, కొనుక్కొచ్చిన తెర కంటే ఈ నీడే నాకు ఎక్కువ నచ్చుతుంది. ఆకుల నుంచి ఆవిరయ్యే తేమతో పందిరి కింద గాలి కూడా చల్లబడుతుంది.

పాదు కప్పలేని చోటికి, పడమటి వైపుకు మాత్రం సగం ఎండను ఆపే ఆకుపచ్చ నీడ వలను వాడండి. అంతకంటే దట్టమైన వల వేస్తే మొక్కలు సన్నగా సాగి పూత తగ్గుతుంది. వలను కట్టడంలో నేను చేసిన పొరపాటును మీరు చేయవద్దు. మొదటి ఏడాది వలను నాలుగు అంచులా కట్టుతీగతో బిగించి కట్టాను. మే నెలలో ఒక సాయంత్రం వచ్చిన గాలివానకు వల తెరచాపలా ఉబ్బి, రెండు కట్టెలను పెకలించి, కాయల మీదున్న బీర పాదును మొదటికి లాగేసింది. ఇప్పుడు రెండు అంచులను మాత్రమే గట్టిగా కట్టి, మిగతా రెండు అంచులను లాగితే విడిపోయే జారుముడితో కడుతున్నాను. పడమట మబ్బు నల్లబడి దుమ్ము లేవగానే ఆ రెండు ముళ్లు విప్పి వలను ఒక పక్కకు చుట్టేస్తే పందిరికి ఏమీ కాదు.

ఏ విత్తనం ఎప్పుడు

ఎండాకాలపు కూరగాయలకు జనవరి చివరి నుంచి ఫిబ్రవరి చివరి దాకా అదను. సొర, బీర, కాకర, దోస, బెండ, గోరుచిక్కుడు ఆ లోపే నేలలో పడాలి. మార్చిలో వేస్తే మొలకలు లేతగా ఉండగానే పెద్ద ఎండ వచ్చి మీద పడుతుంది. టమాటను ఇప్పుడు మొదలుపెట్టవద్దని గట్టిగా చెబుతాను. పగటి వేడి 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే పూత పిందె కట్టకుండా రాలిపోతుంది. మార్చిలో నారు నాటి ఏప్రిల్లో పచ్చగా ఏపుగా ఎదిగిన టమాట మొక్కను చూసి మురిసిపోయి, కాయ ఒక్కటీ రాలేదని బాధపడే ఇళ్లు చాలా ఉన్నాయి. తప్పు విత్తనానిది కాదు, ఎరువుదీ కాదు, అదనుది.

కాకర, బీర గింజల పెంకు గట్టిది. వాటిని ఒక రాత్రంతా, కాకరనైతే ఒక పగలూ రాత్రీ నానబెట్టి, తడి గుడ్డలో మూటకట్టి వెచ్చని చోట పెడితే మొలక సమంగా వస్తుంది. బెండకు ఒక రాత్రి నానితే చాలు. గింజను దాని మందానికి రెండు మూడింతల లోతునే పెట్టాలి. బెండ మొక్కల మధ్య అడుగు, వరుసల మధ్య అడుగున్నర ఉండాలి. సొర పాదులకు మాత్రం ఆరడుగుల ఎడం కావాలి, ఈ పెరటికి రెండు సొర పాదులు ఇంటికీ పొరుగింటికీ సరిపోతాయి. బెండలో బెంగళూరు ఉద్యాన పరిశోధనా సంస్థ విడుదల చేసిన అర్క అనామిక, గోరుచిక్కుడులో పూసా నవబహార్, బీరలో జగిత్యాల లాంగ్ దొరికితే తీసుకోండి. గోరుచిక్కుడు మన ఎండకు, మన గరుసు నేలకు బాగా అలవాటు పడిన పంట, మొదటిసారి తోట వేసేవారు దానితో మొదలుపెడితే నిరాశ ఉండదు.

బుడ్డల పొట్టు

మొలకలు బెత్తెడు ఎదగగానే నేలను కప్పాలి. వేరుశనగకు పేరుపడిన జిల్లాలో ఉన్నందుకు మనకు కాయలు ఒలిచే మిల్లుల దగ్గర బుడ్డల పొట్టు, అంటే వేరుశనగ కాయల పైతొక్క, దొరుకుతుంది. మూడు వేళ్ల మందాన పరిస్తే నేల వేడెక్కదు, తేమ ఆరదు. మధ్యాహ్నం మూడు గంటలకు పొట్టు కింద ఒక చేయి, బయట నేల మీద ఒక చేయి పెట్టి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

దీనికి రెండు జాగ్రత్తలు ఉన్నాయి. పొట్టును పైనే ఉంచాలి, మట్టిలో కలపకూడదు. పచ్చి పొట్టును మట్టిలో కలిపితే అది కుళ్లే క్రమంలో నేలలోని నత్రజనిని సూక్ష్మజీవులు వాడేసుకుంటాయి, మొక్కలు పసుపుపచ్చగా మారతాయి. రెండోది, పొట్టు కాండానికి ఆనకుండా నాలుగు వేళ్ల ఎడం వదలాలి, లేకపోతే పొడి పొట్టును పట్టిన చెదలు మొక్క మొదటికీ వస్తాయి. వారానికి ఒకసారి పొట్టును చేత్తో కదిలించి చూసి, చెద మట్టి గూళ్లు కనిపిస్తే విరగ్గొట్టి అక్కడ వేపచెక్క (వేపగింజల నూనె తీయగా మిగిలిన పిండి) పొడి చల్లండి.

పూత నుంచి పిందె దాకా

పూలు బాగా పూస్తున్నాయి, పిందెలు మాత్రం పసుపుపచ్చగా మారి రాలిపోతున్నాయి అనే మాట ఏప్రిల్లో ప్రతి పెరట్లోనూ వినిపిస్తుంది. నీళ్ల కొరత ఒక కారణమే గానీ, పట్టణంలో తేనెటీగలు తగ్గడం వల్ల పుప్పొడి అందకపోవడం కూడా అంతే పెద్ద కారణం. ఆ పని మనమే చేయవచ్చు. రేకుల కింద చిన్న కాయ ఆకారం ఉన్నది ఆడ పువ్వు, సన్నని కాడ మీద ఊరికే నిలిచేది మగ పువ్వు. మొదట్లో పూసేవన్నీ మగ పూలే, ఎండ ఎక్కువైనప్పుడు కూడా అవే ఎక్కువగా పూస్తాయి కాబట్టి కంగారు అక్కరలేదు.

ఏ పువ్వు ఏ వేళ విచ్చుకుంటుందో తెలియాలి. కాకర, దోస, గుమ్మడి పొద్దున పూస్తాయి. బీర, సొర సాయంత్రం పూస్తాయి. ఎండ చల్లబడ్డాక ఐదున్నర, ఆరు గంటల వేళ బీర పందిరి కింద నిలబడితే, అప్పటిదాకా ముడుచుకుని ఉన్న పసుపు మొగ్గలు ఒకటొకటిగా విప్పుకోవడం కనిపిస్తుంది, సన్నని తీపి వాసన కూడా వస్తుంది. అప్పుడే విచ్చిన మగ పువ్వును తుంచి, రేకులు వెనక్కి మడిచి, మధ్యలోని పసుపు పొడిని ఆడ పువ్వు మధ్యభాగానికి మెల్లగా రెండు మూడు సార్లు తాకించండి. ఒక మగ పువ్వు రెండు ఆడ పూలకు సరిపోతుంది. మూడు నాలుగు రోజుల్లో పిందె కాడ లావెక్కి కిందికి వంగితే పని ఫలించినట్టే. పొద్దున తొమ్మిదికి వెళ్లి వాడిన బీర పువ్వుకు ఈ పని చేస్తే ఏమీ కాదు.

పిందె బొటనవేలంత కాగానే పండు ఈగ వచ్చి గుడ్లు పెడుతుంది. మందు కొట్టడం కంటే పిందెకు కాగితపు సంచి తొడగడం నయం. గుడ్లు పడి వంకర తిరిగిన కాయలను కంపోస్టులో వేయకుండా కవర్లో మూటకట్టి ఎండలో ఉడకనివ్వాలి. బెండ ఆకుల ఈనెలు పసుపుపచ్చగా మారితే అది తెల్లదోమ మోసుకొచ్చే తెగులు, దానికి మందు లేదు, మొక్కను పీకేయడమే దారి. తెల్లదోమకు లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు నీళ్లు కలిపి పొద్దుగూకాక ఆకుల అడుగున తడిసేలా పిచికారీ చేయండి. పాదుల మీద బూడిద తెగులు కనిపించిందని గంధకం మాత్రం కొట్టవద్దు, సొర జాతి ఆకులు దానికి మాడిపోతాయి.

తొలకరి కోసం తవ్వాల్సిన గుంతలు

ఫిబ్రవరి, మార్చి నెలల్లో వేప, కానుగ ఆకు రాలుస్తాయి. ఈ ఆకును కుప్ప పోసి తగలబెట్టడం చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది, ఎందుకంటే ఏడాదికి సరిపడే ఎరువు పొగైపోతున్నది. మూడడుగుల పొడవు, వెడల్పు, రెండున్నర అడుగుల లోతున గుంత తీసి, జానెడు ఆకు, పలుచగా వంటింటి చెత్త, పిడికెడు పాత ఎరువు, తడిసేంత నీరు వరుసగా వేస్తూ నింపండి. మన గాలికి నేల మీద వేసిన కుప్ప ఎండిపోయి కుళ్లదు, అందుకే గుంతనే తీయమంటున్నాను. పైన గోనెపట్ట తడిపి కప్పండి. నెలకొకసారి తిరగేస్తే వానాకాలం ముగిసే నాటికి నల్లటి ఎరువు చేతికి వస్తుంది.

మే నెలలో కాయ తగ్గిపోయి పెరట్లో పని పలచబడుతుంది. ఇంకుడు గుంతకు అదే సమయం. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద పది మిల్లీమీటర్ల వాన కురిస్తే తొమ్మిది వందల లీటర్ల పైచిలుకు నీరు పడుతుంది. మన ఏడాది వాన లెక్కన, వృథా పోను, నలభై వేల లీటర్ల దాకా బోరు చుట్టూ నేలలోకి ఇంకించవచ్చు. ఇంటి పునాదికి పది అడుగులు, సెప్టిక్ ట్యాంకుకు వీలైనంత దూరంగా, ఐదడుగుల పొడవు వెడల్పు, ఆరడుగుల లోతున తవ్వి, అడుగున పెద్ద రాళ్లు, వాటి మీద కంకర, పైన అడుగు మందాన దొడ్డు ఇసుక వేయండి. గొట్టం మూతికి జాలీ కట్టి, మొదటి వానకు మిద్దె మీది దుమ్ము గుంతలోకి పోకుండా గొట్టాన్ని పక్కకు తిప్పే ఏర్పాటు పెట్టుకోండి. ఏడాదికొకసారి పై ఇసుకను తీసి కడిగి మళ్లీ వేయాలి.

మునగ, కరివేపాకు, జామ, సీతాఫలం పెట్టాలనుకునేవారు చెట్లను ఇప్పుడు నాటకండి, గుంతలు మాత్రం ఇప్పుడు తవ్వండి. రెండడుగుల పొడవు, వెడల్పు, లోతు ఉన్న గుంతను ఏప్రిల్, మే ఎండకు వదిలేస్తే మట్టిలోని పురుగులు చాలావరకు నశిస్తాయి. పై మట్టిని ఒక పక్క, అడుగు మట్టిని ఇంకో పక్క పోసి ఉంచి, జూన్‌లో రెండు మంచి వానలు పడ్డాక పై మట్టిలో ఎరువు కలిపి ముందుగా నింపి మొక్క నాటాలి. నాటిన మొక్కకు గాలి వైపు, అంటే నైరుతి దిక్కున, ఊతకర్ర పాతడం మరవకండి. జూన్ నుంచి ఆగస్టు దాకా మన దగ్గర వీచే గాలి లేత మొక్కను ఒకే పక్కకు వంచేస్తుంది.

అదే వారంలో పడమటి నీడ వలను విప్పి, దుమ్ము కడిగి, పూర్తిగా ఆరబెట్టి చుట్టి, ఎలుకలకు అందని చోట వేలాడదీయండి. ఎండిన సొర, బీర తీగలను కోసి కంపోస్టు గుంతలో వేయండి. బాగా ముదిరి పాదు మీదే ఎండిన ఒక బీరకాయను మాత్రం విడిగా ఉంచి, అందులోని గింజలను బూడిద కలిపి సీసాలో భద్రపరచండి, సంక్రాంతి తర్వాత పందిరి పక్కన మళ్లీ నాటడానికి అవే పనికొస్తాయి.